చవక సరౌండ్ ప్రాసెసర్, ఓరుగల్లు హాలు

సినిమా శబ్దాన్ని విడదీసి, ఏ ముక్క ఏ స్పీకరులో పలకాలో తేల్చే పెట్టెను సరౌండ్ ప్రాసెసర్ అంటారు. వాల్యూమ్ పెంచడం, తగ్గించడం, టీవీ నుంచి సెట్‌టాప్ బాక్సుకో బ్లూరే ప్లేయరుకో మారడం వంటి ప్రీ-యాంప్లిఫయర్ పనులు కూడా దానిలోనే ఉంటాయి. లేనిదల్లా స్పీకర్లను కదిలించే బలం. వెనకాల ఉండే ఆర్‌సీఏ సాకెట్లలోంచి వచ్చేది ఒకటి రెండు వోల్టుల సన్నని సిగ్నల్ మాత్రమే. దాన్ని వేరే పవర్ యాంప్లిఫయర్ అందుకుని పెంచాలి. షోరూముల్లో ఏవీ రిసీవర్ పేరుతో అమ్మేది ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టిన సరుకు.

రెండూ కలిపి దొరుకుతుంటే విడివిడిగా కొనడం దేనికన్న ప్రశ్నకు జవాబు వాటి ఆయుష్షులో ఉంది. మంచి యాంప్లిఫయర్ ఇరవై ఏళ్లయినా అదే పని అంతే బాగా చేస్తుంది. ప్రాసెసర్ మాత్రం చెడిపోకుండానే పాతబడిపోతుంది. డాల్బీ ప్రొలాజిక్ 1987లో ఇళ్లకు వచ్చింది. థియేటర్లలో 1992లో డాల్బీ డిజిటల్, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ మొదలయ్యాయి. తెలుగులో తొలి డీటీఎస్ సినిమాగా చెప్పుకునే ‘మాస్టర్’ 1997లో విడుదలైంది. అప్పటికే విదేశాల్లో డీవీడీ అడుగుపెట్టింది, ఇంటి ప్రాసెసర్ ఐదు స్పీకర్లకూ ఒక సబ్ ఊఫరుకూ విడివిడి శబ్దమిచ్చే 5.1 చదవాల్సి వచ్చింది. 2006లో బ్లూరేతో పాటు డాల్బీ ట్రూ హెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో వచ్చాయి. తలపై నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లోకి, 2014లో ఇంట్లోకి దిగింది. ఇలా ప్రతి ఏడెనిమిదేళ్లకూ ఒక కొత్త పేరు. ప్రాసెసర్ విడిగా ఉంటే దాన్నొక్కదాన్నే మార్చుకుని, యాంప్లిఫయరునూ స్పీకర్లనూ అలాగే ఉంచుకోవచ్చు.

ఈ లెక్క బాగానే ఉన్నా విడి ప్రాసెసర్లు చాలాకాలం సంపన్నుల వస్తువులుగానే ఉన్నాయి. వాటిని మధ్యతరగతికి దించింది అమెరికాలో డీలర్లు లేకుండా ఇంటర్నెట్ ద్వారా నేరుగా అమ్మిన చిన్న కంపెనీలు. ఔట్‌లా ఆడియో 2002లో మోడల్ 950ని 799 డాలర్లకు అమ్మింది. తర్వాత అదే కంపెనీ మోడల్ 975ని 549 డాలర్లకు, ఎమోటివా యూఎంసీ-200ను 599 డాలర్లకు తెచ్చాయి. ఈ చివరి రెండూ 7.1 వరకు, అప్పటి బ్లూరేల్లోని అన్ని రకాల శబ్దాలనూ విప్పగలవు. అట్మాస్ తెలియదు, నేటి 4కే హెచ్‌డీఆర్ చిత్రాన్ని తమ గుండా టీవీకి పంపలేవు. చవక ప్రాసెసర్ల గురించి వాడినవాళ్లు చెప్పే మంచీ చెడ్డా ఎక్కువగా ఈ తరహా పెట్టెల గురించే.

వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లలోకి ఇటువంటివి రెండు దారుల్లో వస్తాయి. మొదటిది సూట్‌కేసు దారి. 1959లో ఆర్‌ఈసీగా మొదలై ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉన్న కళాశాల ఒక్కటి చాలు, ఈ ఊరికి అమెరికాతో ఉన్న బంధుత్వం అర్థం కావడానికి. సుబేదారి, నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలో కొడుకో అల్లుడో అక్కడ వాడి, కొత్తది కొన్నాక ఇక్కడికి చేరవేసిన సామాను తక్కువేం కాదు. అలా వచ్చిన పెట్టెకు ప్లగ్గు పెట్టే ముందు దాని వీపున ఉన్న చీటీ చదవాలి. అక్కడ 100-240 అని ఉంటే చింత లేదు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్లో పెట్టిన క్షణంలోనే ఫ్యూజు, కొన్నిసార్లు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోతాయి. అప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. ప్రాసెసర్ తాగే కరెంటు తక్కువ కాబట్టి చిన్నది సరిపోతుంది. దానితో పాటు వచ్చిన అమెరికా సబ్ ఊఫరును కూడా అదే ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించడం దగ్గరే తంటా. పేలుడు సీను వచ్చినప్పుడు ఊఫర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజి పడిపోయి ప్రాసెసర్ ఆరి వెలుగుతుంది. ఊఫరుకు దాని సామర్థ్యానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మర్ వేరే ఉండాలి.

రెండో దారి స్థానిక మెకానిక్కుది. తెలుగు ఊళ్లలో యాంప్లిఫయర్ బిగించడం పాత విద్య. 4440 బోర్డు, ఎస్‌టీకే ఐసీ, టీడీఏ 7294, ఇనుప క్యాబినెట్టు, రాగి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్: హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన విడిభాగాలతో ఐదు చానళ్ల యాంప్లిఫయర్ తయారవుతుంది. దాని ముందు ఒక డీకోడర్ బోర్డు పెడితే అదే ఇంటి సరౌండ్ ప్రాసెసర్. ఈ బోర్డుల్లో నిజమైనవీ ఉన్నాయి, పేరుకు మాత్రమే 5.1 అయినవీ ఉన్నాయి. నిజమైనదానిలో డాల్బీ, డీటీఎస్ సంకేతాలను విప్పే చిప్పు, ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటాయి. రెండో రకంలో 4558 వంటి ఐసీలు కుడి ఎడమల స్టీరియోనే ఆరు ముక్కలుగా పంచుతాయి, అంతే. ఆరు స్పీకర్లూ మోగుతాయి కాబట్టి తేడా తెలియదు. తెలుసుకోవాలంటే ఒక్కో స్పీకరు పేరునూ ఆ స్పీకరులోనే పలికించే టెస్టు క్లిప్పు వేయాలి. వెనక ఎడమ స్పీకరు పేరు చెప్పేటప్పుడు మిగతా ఐదూ మౌనంగా ఉండాలి. అన్నీ కలిసి చెబితే కొన్నది స్టీరియోనే. క్యాబినెట్ మీద ముద్రించిన డాల్బీ గుర్తు దీనికి సాక్ష్యం కాదు.

పెట్టె నిజమైనదే అయినప్పుడు, చవకదానికీ ఖరీదైనదానికీ శబ్దం విప్పడంలో తేడా వెతకడం వృథా. డాల్బీ డిజిటల్ అంకెలను విప్పే పద్ధతి ఒకటే, లైసెన్సు షరతులూ ఒకటే. సిరస్ లాజిక్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఎనలాగ్ డివైజెస్ వంటి సంస్థల చిప్పులే అన్ని ధరల పెట్టెల్లోనూ కనిపిస్తాయి. డబ్బు ఆదా చేసింది ఇంకోచోట. సాఫ్ట్‌వేరులో, హెచ్‌డీఎంఐ బోర్డులో, రిమోటులో, గది కొలిచే మైకులో, అమ్మిన తర్వాతి సేవలో. వాడేవాళ్ల ఫిర్యాదులన్నీ వరసగా ఈ చోట్లకే పోతాయి.

హెచ్‌డీఎంఐతోనే మొదలు. టీవీ పెట్టగానే టీవీ, ప్రాసెసర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టి, కాపీ రక్షణ తాళాలు సరిచూసుకోవాలి. చవక ప్రాసెసర్లలో ఈ పలకరింపు ఆలస్యమవుతుంది, మధ్యలో తెగిపోతుంది. బొమ్మ ఉండి శబ్దం రాదు, లేదా చానల్ మార్చినప్పుడల్లా స్పీకర్లో టప్పుమని చప్పుడొస్తుంది. కొంత ఊరట అన్ని పెట్టెలనూ ఒక క్రమంలో ఆన్ చేయడంలో ఉంది: ముందు టీవీ, తర్వాత ప్రాసెసర్, చివర ప్లేయర్. ఒక రిమోటుతో అన్నీ వెలిగే సీఈసీ సదుపాయం కూడా గొడవలకు మూలమే. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది. పాత ప్రాసెసర్ ఉన్నచోట దాన్ని ఆపేయడమే సుఖం.

పాత పెట్టెను కొత్త టీవీతో కలిపేందుకు చాలామంది చివరికి చేరే ఏర్పాటు ఇది: బొమ్మను ప్రాసెసర్ గుండా పంపకుండా అన్నిటినీ నేరుగా టీవీకి తగిలించి, శబ్దాన్ని మాత్రం టీవీ నుంచి ఆప్టికల్ తీగ ద్వారా ప్రాసెసరుకు తేవడం. 4కే బొమ్మ పోదు. శబ్దంలో పోయేది అట్మాస్ ఎత్తు చానళ్లు. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్‌లో 768 కిలోబిట్ల వరకు పంపుతుంది. ఆప్టికల్ తీగ దాన్ని మోయలేదు గనక చాలా టీవీలు దాన్ని మామూలు డాల్బీ డిజిటల్ 5.1గా మార్చి పంపుతాయి. స్లాబుకు స్పీకర్లు బిగించని ఇంట్లో ఈ నష్టాన్ని నష్టమనడం కూడా అనవసరం. ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ యుద్ధాలు 5.1లోనూ గది నింపేస్తాయి.

ఇక్కడ ఒక చిన్న మీట దగ్గర ఎన్నో ఇళ్లు ఆగిపోతాయి. టీవీ మెనూలో డిజిటల్ సౌండ్ ఔట్‌పుట్ అన్నచోట పీసీఎం అని ఉంటే ఆప్టికల్ తీగలో స్టీరియో మాత్రమే నడుస్తుంది. ఆటో, బిట్‌స్ట్రీమ్, లేదా డాల్బీ డిజిటల్ అని మార్చాలి. మారిందో లేదో ప్రాసెసర్ ముందుభాగంలోని అద్దమే చెబుతుంది. పీసీఎం 2.0 పోయి డాల్బీ పేరు రావాలి. నెలల తరబడి స్టీరియోనే విని, వెనక స్పీకర్లు దండగ అని తేల్చేసిన ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో అవి మొదటిసారి పలుకుతాయి.

పాత తెలుగు సినిమాలది ఇంకో కథ. ఘంటసాల కాలం నాటి పాటలు మోనో. 2000లో వచ్చిన ప్రొలాజిక్ 2 సినిమా మోడ్‌లో వాటిని పెడితే మొత్తం పాట మధ్య స్పీకరులోకే వెళ్లిపోతుంది, తక్కినవి ఊరుకుంటాయి. పెట్టె పాడైందని మెకానిక్కును పిలిచే సందర్భాల్లో ఇదొకటి. అది పెట్టె తప్పు కాదు, కుడి ఎడమల్లో ఒకే శబ్దం ఉంటే దాన్ని మధ్యకు పంపడమే ఆ పద్ధతి. అలాంటి పాటలకు స్టీరియో మీట నొక్కి ముందున్న రెండు పెద్ద బాక్సుల్లో వినడమే మేలు. స్టేడియం, హాల్, చర్చి అంటూ ప్రాసెసర్లు ఇచ్చే కృత్రిమ మోడ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్న మొదటి వారం తర్వాత వాటిని ఎవరూ ముట్టుకోరు.

హమ్మింగ్ మన ఊళ్ల సొంత సమస్య. వాల్యూమ్ సున్నాలో ఉన్నా స్పీకర్లు జుమ్మంటాయి. కారణం చాలాసార్లు ప్రాసెసర్లో ఉండదు, రెండు వేర్వేరు చోట్ల నేలను తాకే తీగల్లో ఉంటుంది. కేబుల్ టీవీ తీగ వీధి స్తంభం దగ్గర, డీటీహెచ్ గొడుగు డాబా మీద, ప్రాసెసర్ గోడ సాకెట్లో ఎర్త్ అవుతాయి. వాటి మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడాతో తీగల పైపొరలో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది, అదే శబ్దమై వినిపిస్తుంది. దొంగను పట్టడం సులువే. ఇన్‌పుట్ తీగలను ఒక్కొక్కటిగా ఊడదీయాలి, ఏది తీయగానే మోత ఆగిందో అదే. సెట్‌టాప్ బాక్సును ఆప్టికల్ తీగతో కలిపితే లోహపు బంధం ఉండదు, హమ్ కూడా ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే నాటువైద్యం మాత్రం ప్రాణాంతకం. మోత తగ్గుతుంది కానీ లోపల షార్టయితే ఇనుప క్యాబినెట్టే షాక్ కొడుతుంది.

ఎర్త్ సరిగా ఉందా అన్నది కూడా ఋతువును బట్టి మారుతుంది. ఉప్పు, బొగ్గు వేసి జీఐ పైపు పాతిన గుంతలో తేమ ఉన్నంతవరకే అది కరెంటును నేలకు దించుతుంది. నలభై దాటే ఓరుగల్లు ఎండల్లో మట్టి ఎండి నిరోధం పెరుగుతుంది. డిసెంబరులో లేని జుయ్‌మనే మోత మేలో మొదలైతే మెకానిక్కు కంటే ముందు రెండు బిందెల నీళ్లు ఆ గుంతలో పోసి చూడాలి. వోల్టేజి హెచ్చుతగ్గుల సంగతి వేరు. టీజీఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే ఉన్నా, గాలివానకు తీగలు తెగి కరెంటు పోయి వచ్చే ఉదుటు అన్ని ఊళ్లలాగే ఇక్కడా ఉంటుంది. స్టెబిలైజరు కాకపోయినా, కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి కలిపే టైమర్ ప్లగ్గు ప్రాసెసరుకు మంచి కాపలా.

వేడి నిదానంగా చంపుతుంది. ప్రాసెసర్లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుందని ఇంజనీర్ల అంచనా. అద్దాల తలుపులున్న చెక్క షోకేసులో, పైన లేసు గుడ్డ కప్పి, ఆ పైన సెట్‌టాప్ బాక్సు పెట్టిన ప్రాసెసర్ ఎక్కువకాలం ఉండదు. వెచ్చదనానికి గాలి రంధ్రాల్లోంచి దూరే బల్లులు ఇంకో ఆపద. పవర్ బోర్డు మీద రెండు పిన్నుల మధ్య అడ్డంగా చచ్చిపడిన బల్లిని తీయడం మెకానిక్కులకు కొత్తేం కాదు. రంధ్రాలకు సన్నని దోమల జాలీ బిగించి, పైన కనీసం అరడుగు ఖాళీ వదిలితే రెండు బాధలూ తగ్గుతాయి.

ఇన్ని చెప్పినా, వినేవాడి చెవికి అందే తేడాల్లో పెద్దది పెట్టెది కాదు, హాలుది. మన ఇళ్ల హాలు గట్టి సరుకు: ఆర్‌సీసీ స్లాబు, సిమెంటు గోడలు, కింద టైల్సో గ్రానైటో. ప్రతి మాటా నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చి అసలు మాటను కలగలిపేస్తుంది. మాటలు సరిగా వినపడవు, ఫైటు వస్తే ఇల్లదిరిపోతుంది అన్న ఇల్లాలి ఫిర్యాదుకు సగం కారణం ఇదే. చవకైన మందు ఊళ్లోనే ఉంది. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సోఫాకూ ముందు స్పీకర్లకూ మధ్య టైల్స్ మీద ఒక పెద్ద జంపఖానా, కిటికీకి మందపాటి కర్టెన్లు వేస్తే ఆ గలగల గణనీయంగా తగ్గుతుంది. నూలు పలుచన కాబట్టి అది పట్టేది సన్నని శబ్దాలనే, బేస్ మీద దాని ప్రభావం దాదాపు లేదు. ఫిర్యాదులో మిగతా సగానికి ప్రాసెసర్లోనే మందుంది. మధ్య స్పీకరును రెండు మూడు డెసిబెళ్లు పెంచి, రాత్రి వేళ నైట్ మోడ్ పెడితే గుసగుసకూ పేలుడుకూ మధ్య దూరం తగ్గుతుంది.

బేస్ పూర్తిగా గది కొలతల లెక్క. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 15 అడుగుల పొడవున్న హాలులో దాదాపు 37 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకు 47 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య అలలు నిలిచిపోతాయి. 12కు 12 గదిలో ఈ రెండూ ఒకేచోట కలుస్తాయి కాబట్టి ఒక స్వరం ఉరుముతుంది, పక్కదే మాయమవుతుంది. వాస్తు చూసి చదరంగా కట్టిన గది సినిమాకు అంత మంచిది కాదన్నమాట. సబ్ ఊఫరును ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక మోటు పద్ధతి ఉంది. ఊఫరును కూర్చునే సోఫా మీదే పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, తల నేలకు దగ్గరగా పెట్టి గోడల వెంట పాకుతూ వినాలి. బేస్ ఎక్కడ సమంగా, స్పష్టంగా వినిపిస్తే ఊఫరు స్థానం అదే. ఇంట్లోవాళ్లు నవ్వినా ఫలితం మాత్రం నిజం. చిన్న స్పీకర్లున్న ఇంట్లో 80 హెర్ట్జ్ కిందివన్నీ ఊఫరుకు పంపేలా ప్రాసెసర్లో మార్చాలి. స్పీకర్లు చిన్నవే అయినా మెనూలో లార్జ్ అని పెట్టుకోవడం గొప్పకే తప్ప వినడానికి పనికిరాదు.

చాలా ప్రాసెసర్లతో మైకు ఇస్తారు. సోఫాలో చెవి ఎత్తున దాన్ని నిలబెడితే పెట్టె ఒక్కో స్పీకరులో కూత వేసి దూరాలూ, బలాలూ కొలుచుకుంటుంది. ప్రతి అడుగు దూరానికీ శబ్దం దాదాపు ఒక మిల్లీసెకను ఆలస్యం కాబట్టి దగ్గరి స్పీకర్లను కాస్త ఆపి, అన్నీ ఒకేసారి చెవికి చేరేలా చేయడం దీని పని. ఫ్యాను ఆపి, ఏసీ ఆపి, వంటింట్లో మిక్సీ ఆపించి చేయాలి. చవక పెట్టెల్లో ఈ కొలత అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు, టేపుతో సరిచూసుకోవడం మంచిది. కానీ ఎనిమిదడుగుల్లో ఉన్న ఊఫరును పదమూడడుగులని చూపిస్తే దాన్ని దిద్దకూడదు. ఊఫరు లోపలి ఫిల్టర్లు కలిపే ఆలస్యాన్ని కూడా పెట్టె దూరంగానే లెక్కేస్తుంది. గది మోతల్లో ఎత్తులను ఆటోమేటిక్ ఈక్వలైజర్ తగ్గించగలదు, గుంటలను పూడ్చలేదు. గుంటలో ఉన్న సోఫాను అడుగు ముందుకు జరపడమే దానికి విరుగుడు.

పెదవి ఒకచోట, మాట ఒకచోట పడే తంటాకు లిప్ సింక్ ఆలస్యం సరిపోతుంది. టీవీ బొమ్మను మెరుగుపరచడంలో కొంత సమయం తింటుంది కాబట్టి శబ్దాన్నీ అంతే ఆపాలి. శబ్దమే వెనకబడితే ప్రాసెసర్ ఏమీ చేయలేదు. అప్పుడు టీవీలో గేమ్ మోడ్ ఆపి, బొమ్మ మెరుగులు పెంచి చూడటం ఒక మార్గం.

రిపేరు దగ్గరికి వస్తే, నేరుగా అమ్మే కంపెనీల వారంటీ సముద్రం ఇవతల చెల్లినట్టే ఉండదు. అమెరికాకు తిప్పి పంపే ఖర్చు సెకండ్‌హ్యాండ్ పెట్టె ధరను మించిపోతుంది. స్థానిక మెకానిక్కు పవర్ సప్లై కెపాసిటర్లు, రిలేలు, వదులైన ఆర్‌సీఏ సాకెట్లు, వాల్యూమ్ నాబ్ ఎన్‌కోడర్ బాగు చేయగలడు. హెచ్‌డీఎంఐ బోర్డు పోతే ఆయన చేతిలోనూ లేదు, దాని చిప్పు విడిగా దొరకదు. ఆ మాటకొస్తే అంతటితో పెట్టె చచ్చినట్టూ కాదు. ఆప్టికల్, కోయాక్సియల్ ఇన్‌పుట్లు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి, డీవీడీ స్థాయి డాల్బీ, డీటీఎస్ 5.1ను విప్పుతూనే ఉంటాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి, వేరే యాంప్లిఫయరుకు సిగ్నల్ ఇచ్చే ప్రీ-ఔట్ సాకెట్లున్న ఏవీ రిసీవర్, ఊళ్లో సర్వీసు సెంటరుతో సహా, తెలివైన బేరం. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి తెచ్చే ఈఏఆర్‌సీ, అట్మాస్, 4కే అన్నీ అందులోనే వస్తాయి, తర్వాత ఎప్పుడైనా బలమైన యాంప్లిఫయర్ తగిలించుకోవచ్చు. విడి చవక ప్రాసెసర్ లాభించేది ఇంట్లో ఐదు చానళ్ల మంచి యాంప్లిఫయర్ ముందే ఉన్నవారికి. వారైనా కొనేముందు అమ్మేవాడి ఇంట్లోనే పెట్టెను అరగంట వేడెక్కనిచ్చి, ప్రతి ఇన్‌పుట్‌నూ, ఆరు ఔట్‌పుట్లనూ టెస్టు క్లిప్పుతో విని, రిమోటు చేతికి తీసుకున్నాకే డబ్బు లెక్కపెట్టాలి. రిమోటు లేని ప్రాసెసర్లలో చాలావాటికి సెటప్ మెనూ ముందు బటన్లతో పూర్తిగా తెరుచుకోదు.